జొన్నచేల నుంచి ఒలింపిక్స్‌ దాకా

2008 ఆగస్టు 8. బీజింగ్‌లోని ‘పక్షిగూడు’ స్టేడియంలో 2008 మంది ఒక్కసారిగా పురాతన వాద్యాలు మోగించారు. ఆ ఒలింపిక్స్‌ ప్రారంభోత్సవాన్ని టీవీలో చూసినవాళ్లు అంత తేలిగ్గా మరిచిపోరు. దాన్ని నడిపించింది సినీ దర్శకుడు జాంగ్‌ యిమౌ. అంతకు పద్నాలుగేళ్ల ముందు ఆయన తీసిన ‘టు లివ్‌’ను దేశంలో ఆడనివ్వనిదీ ఆ ప్రభుత్వమే!

జాంగ్‌ పుట్టింది షియాన్‌ నగరంలో. తండ్రి కొమింటాంగ్‌ సైన్యంలో అధికారి. కమ్యూనిస్టుల చేతిలో ఓడిన పక్షమది. ఇక ఆ ఇంటి పిల్లాడికి మంచి రోజులెక్కడివి? సాంస్కృతిక విప్లవం మొదలవగానే చదువు ఆగింది. ముందు పొలం పనికి పంపారు. తర్వాత ఏళ్ల తరబడి బట్టల మిల్లులో కూలీ. ఆ రోజుల్లోనే ఫొటోల పిచ్చి పట్టుకుంది. రక్తం అమ్మి కెమెరా కొనుక్కున్నారని చెబుతారు. 1978లో బీజింగ్‌ ఫిల్మ్‌ అకాడమీ మళ్లీ తలుపులు తెరిచేసరికి ఆయనకు వయసు మీరిపోయింది. అయినా ఊరుకోలేదు. తాను తీసిన ఫొటోలు జతచేసి సాంస్కృతిక మంత్రికి అర్జీ పెట్టుకున్నారు. సీటొచ్చింది.

కెమెరామన్‌గా మొదలై, ‘రెడ్‌ సోర్గమ్‌’తో దర్శకుడయ్యారు. సోర్గమ్‌ అంటే మరేమిటో కాదు, మన జొన్నే. మో యాన్‌ నవల ఆధారంగా తీసిన ఆ సినిమా 1988లో బెర్లిన్‌లో గోల్డెన్‌ బేర్‌ గెలిచింది. నాయిక గాంగ్‌ లీకి అదే తొలి చిత్రం.

నన్నడిగితే మాత్రం 1992 నాటి ‘ద స్టోరీ ఆఫ్‌ క్యూ జు’ అన్నిటికంటే గొప్పది. ఊరిపెద్ద ఒక రైతును తన్నరాని చోట తంతాడు. నిండు గర్భిణి అయిన రైతు భార్య న్యాయం కోసం బయల్దేరుతుంది. డబ్బిస్తామంటారు. ఆమెకు కావాల్సింది డబ్బు కాదు, ‘తప్పయింది’ అన్న ఒక్క మాట. ఆ మాట కోసం మండుటెండల్లో కాదు, ఎముకలు కొరికే చలిలో ఆఫీసుల చుట్టూ తిరుగుతుంది. తీరా కాన్పు కష్టమైనప్పుడు ఆదుకునేదీ ఆ ఊరిపెద్దే. తర్వాత ఏమవుతుందో చూసి తెలుసుకోవాల్సిందే! జనంలో రహస్యంగా కెమెరాలు పెట్టి చాలా దృశ్యాలు తీశారు. వెనిస్‌లో గోల్డెన్‌ లయన్‌ వచ్చింది.

2002లో ‘హీరో’ వచ్చింది. చక్రవర్తిని చంపడానికి వెళ్లినవాడు, దేశం ఒక్కటవడమే ముఖ్యమనుకుని కత్తి దించేస్తాడు. రంగులు అద్భుతం. ‘పాలకులకు దాసోహమన్నాడు’ అని విమర్శకులు మండిపడ్డారు. ఆ మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. అలాగని ఆయన్ను సర్కారు మనిషిగా లెక్కకట్టడమూ కష్టమే. పిల్లలు పరిమితికి మించి ఉన్నారంటూ 2014లో దాదాపు 75 లక్షల యువాన్ల జరిమానా పడింది!

2019లో ‘వన్‌ సెకండ్‌’ బెర్లిన్‌ పోటీకి వెళ్లింది. తీరా ప్రదర్శన ముందు ‘సాంకేతిక కారణాల’తో వెనక్కి తీసుకున్నారు. 2020లో చైనాలో విడుదలైంది. కథంతా సాంస్కృతిక విప్లవం నాటిదే. కార్మిక శిబిరం నుంచి పారిపోయిన ఒక తండ్రి, ఊరూరా తిరిగే సినిమా రీలు వెంటపడతాడు. ఆ రీలులోని వార్తాచిత్రంలో అతని కూతురు కనిపిస్తుంది. ఒకే ఒక్క సెకను.