నడవలేని ఆల్చిప్ప



నేను బడిలో పనిచేసే రోజుల్లో ఒక కుర్రవాడు రాజమండ్రి దాపున ఉన్న కాతేరునుంచి ఒక రాయి తెచ్చాడు. రాతిలో ఆల్చిప్ప! దానికి కట్టిన చీటీమీద "కాతేరు, రెండు నల్లరాళ్ళ నడుమ" అని రాసి ఉంది.

"ఇది రాతిలోకి ఎలా వచ్చిందండీ, మాస్టారూ?" అన్నాడు.

"గోదావరి వరద తెచ్చి ఉంటుందిలే, కూర్చో!" అన్నాను.

ఆ జవాబు తప్పు. మొన్న సుల్తాన్ బజారులో మా మనవడు ఇటువంటి ప్రశ్నే వేశాడు. ఈసారి సరిగా చెబుతాను, వినండి.

కాతేరులోనూ, గోదావరికి ఈవల పంగిడిలోనూ ఉన్న నల్లరాయి చల్లారిన లావా. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ క్రిందట పడమటి కనుమల వైపునుంచి 1,000 కిలోమీటర్ల దాకా పారివచ్చిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. రెండు లావా పొరల నడుమ ఉన్న సున్నపురాతిలో సముద్రపు చిప్పలున్నవి. నాగపూరులో ఉండిన స్టీఫెన్ హిస్లాప్ 1860లో వీటిని వర్ణించి, ఒక ఆల్చిప్పకు పంగిడి పేరే పెట్టాడు. అంటే ఆనాడు సముద్రతీరం అక్కడ ఉండేదన్నమాట!

మరి మొదటి లావా క్రింద పడ్డ జీవులన్నీ మాడిపోయి ఉంటవి గదా! పెరిగిన ఆల్చిప్ప రాతికి అతుక్కుంటే ఇక కదలదు. కొత్తవి ఎలా వచ్చినవి?

కిటుకు వాటి పసితనంలో ఉంది. ఆల్చిప్ప పిల్ల సన్న ఇసుక రేణువంత ఉంటుంది. రెండు మూడు వారాలు నీటిలో తేలుతూ, ప్రవాహం ఎటు తీసుకుపోతే అటు పోతుంది. అనువైన చోటు దొరికితే అతుక్కుంటుంది, దొరకకపోతే చస్తుంది. ఇటువంటి జీవులను తీరం నుంచి తీరానికి చేర్చినవి సముద్ర ప్రవాహాలే.

దారి మూసుకుంటే రాకపోకలూ ఆగిపోతవి. ఆనాడు మన దేశానికి ఉత్తరాన టెథిస్ సముద్రం ఉండేది. సుమారు 5 కోట్ల ఏళ్ళ క్రిందట మన భూభాగం ఆసియాను ఢీకొన్నది. ఆ నీటిదారి క్రమంగా మూసుకుపోయింది. సుమారు 30 లక్షల ఏళ్ళ క్రిందట పనామా దగ్గర నేల లేచి రెండు మహాసముద్రాలను విడదీసింది. ఒకే వంశపు రొయ్యలు అటూ ఇటూ వేరు జాతులైనవి.

పళ్ళెంలో నీళ్ళు పోసి, ఊక చల్లి, ఒక ప్రక్కనుంచి ఊదండి. తరువాత నడుమ పలక అడ్డుపెట్టి ఊదండి. తేడా మీకే తెలుస్తుంది.

ఇంకొక్క మాట. కంకరకోసం పగలగొట్టిన రాయి మళ్ళీ అతకదు. చిప్ప ఉన్న రాయి కనిపిస్తే, ఏ ఊళ్ళో, ఏ పొరలో ఉన్నదో రాసిపెట్టండి. ఊరు తెలియని రాయి సగం మూగది. ఆ కుర్రవాడు జవాబు చీటీమీదే రాసి తెచ్చాడు, చదవనివాణ్ణి నేను!