సర్కారు బాకీకి విద్యార్థి జామీనా?

ఏటా జూన్, జూలై నెలల్లో ఏ ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ ఆఫీసు కిటికీ ముందు కాసేపు నిలబడినా ఒక దృశ్యం కళ్లబడుతుంది. అమ్మాయి చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో ఉద్యోగం ఇస్తామంటూ కంపెనీ పంపిన మెయిల్ ప్రింటు. కిటికీ అవతల గుమస్తా హాల్‌టికెట్ నంబరు కొట్టి, తలెత్తకుండానే చెబుతాడు: 'థర్డ్ ఇయర్, ఫోర్త్ ఇయర్ గవర్నమెంటు డ్యూ ఉందమ్మా. నువ్వు కట్టేసి ఒరిజినల్స్ తీసుకెళ్లు. గవర్నమెంటు వేశాక నీ డబ్బులు నీకిచ్చేస్తాం.' వారంలోగా ఒరిజినల్స్ చూపకపోతే ఉద్యోగం పోతుంది. అమ్మాయి నాన్నకు ఫోన్ చేస్తుంది. సాయంత్రానికి తల్లి మెళ్లోని గొలుసు తాకట్టుకు వెళ్తుంది. గొలుసు లేని ఇంట్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు పుడుతుంది.

ఇందులో బాకీ పడిందెవరు? ప్రభుత్వం. ఎవరికి? కాలేజీకి. ఆ ఇద్దరి ఖాతాలో ఎక్కడా లేని పిల్ల చదువు కాగితాలు మాత్రం బీరువాలో తాకట్టు వస్తువుల్లా పడి ఉంటాయి. ఇది ఫీజు రీయింబర్స్‌మెంట్ కాదు. ప్రభుత్వం తాను ఎగ్గొట్టిన వాయిదాకు విద్యార్థినే జామీను నిలబెట్టడం. ఈ పద్ధతిని ఈ విద్యా సంవత్సరంతోనే ఆపాలి. ఆపకపోతే ఆ అప్పుకు వడ్డీ ప్రభుత్వమే కట్టాలి.

ఉమ్మడి రాష్ట్రంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎంతమంది ఇళ్లలో మొదటి ఇంజినీరును నిలబెట్టిందో వేరే చెప్పక్కర్లేదు. కూలి చేసుకునే ఇంటి పిల్లవాడు ఎంసెట్ ర్యాంకు పట్టుకుని కౌన్సెలింగ్ హాల్లో అడుగుపెట్టగలిగాడంటే ఆ పథకం చలవే. పథకం మంచిదే. దాన్ని నడిపే తీరే దగా. ఆంధ్రప్రదేశ్‌లో పేరు మారి విద్యా దీవెన అయింది. 2021లో డబ్బు తల్లుల ఖాతాల్లో వేయడం మొదలుపెట్టారు, ఆ తర్వాత ప్రభుత్వం మారి మళ్లీ కాలేజీల ఖాతాల్లోకే మళ్లించారు. ఏ ఖాతాలో వేయాలన్నదానిపై జరిగినంత చర్చ, ఏ తేదీన వేయాలన్నదానిపై ఒక్కనాడూ జరగలేదు. తెలంగాణలో 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం ఏకంగా తలుపులు మూసి బంద్ పాటించాల్సి వచ్చింది. ప్రభుత్వం కొంత విడుదలకు ఒప్పుకున్నాక తెరిచారు. ఆ కొద్ది రోజులూ క్లాసులు పోగొట్టుకున్నది ఎవరో అడిగిన నాథుడు లేడు.

కాలేజీల గోడు అబద్ధమని మేం అనం. ఏళ్ల తరబడి డబ్బు రాకపోతే అధ్యాపకులకు జీతాలు ఎక్కడినుంచి తెస్తారు? చిన్న ఊళ్లలోని కాలేజీల్లో రెండు, మూడు నెలల జీతం ఆగడం మామూలైపోయింది. కానీ ప్రభుత్వం మీద కోపం విద్యార్థి మీద చూపించడానికి ఏ చట్టమూ ఒప్పుకోదు. ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీలు తమ దగ్గర అట్టేపెట్టుకోరాదని యూజీసీ 2018 అక్టోబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఎంతమంది ప్రిన్సిపాళ్ల గదుల్లో ఆ కాగితం గోడకు అంటించి ఉంది? ప్రభుత్వం కాలేజీకి ఇవ్వాల్సిన సొమ్ము ప్రభుత్వం దగ్గరే వసూలు చేసుకోవాలి, కోర్టుకెక్కయినా సరే. అధికారుల జోలికి వెళ్లే ధైర్యం లేక ఇరవై ఒక్క ఏళ్ల పిల్ల మీద పడటం ఏం పౌరుషం?

ఇక బకాయి లేకపోయినా మిగిలే లెక్క మరొకటుంది. తెలంగాణలో ఎంసెట్‌లో (ఇప్పుడు ఎప్‌సెట్ అంటున్నారు) పదివేల లోపు ర్యాంకు వచ్చిన బీసీ, ఈబీసీ విద్యార్థికి పూర్తి ఫీజు వస్తుంది. ర్యాంకు దాటితే వచ్చేది 35 వేలు. ఉమ్మడి రాష్ట్రంలో గీసిన గీత అది. ఆ తర్వాత కాలేజీల ఫీజులు ఎన్నిసార్లు పెరిగాయో లెక్కలేదు, ఏడాదికి లక్షన్నర దాటిన కాలేజీలూ ఉన్నాయి. గీత మాత్రం కదలలేదు. ఆ తేడా తండ్రి మోయాల్సిందే. ఎస్సీ విద్యార్థులకు 1944 నాటి నుంచి ఉన్న పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ ఖర్చును కేంద్రం, రాష్ట్రం 60:40గా పంచుకోవాలని 2020 చివర్లో నిర్ణయించారు. రాష్ట్రం తన 40 వేశాకే కేంద్రం తన 60 విద్యార్థి ఖాతాలో వేస్తుంది. అంటే రాష్ట్రం చేయి ఆడకపోతే కేంద్రం సొమ్మూ ఆగుతుంది. ఒకరు ఆలస్యం చేస్తే ఇద్దరి డబ్బూ ఆగే ఏర్పాటు ఇది.

ఈ తేడాలు, ఈ ఆలస్యాలు పూడ్చడానికే కుటుంబాలు అప్పులకు పోతాయి. పోయేది ముందు బ్యాంకుకు కాదు, వీధి చివరి వడ్డీవ్యాపారి దగ్గరికి. నూటికి రెండు రూపాయలంటే వినడానికి చిన్న మాట. ఏడాదికి లెక్కేస్తే 24 శాతం. బ్యాంకు విద్యారుణం 10 శాతం అటూఇటూగా దొరుకుతుంది. 4 లక్షల వరకు ఏ ఆస్తీ తాకట్టు పెట్టక్కర్లేదు. ఇంత తేడా ఉన్నా జనం బ్యాంకుకు ఎందుకు వెళ్లరు? వెళ్లినవాళ్లు ఏం చూశారో పక్కింటివాళ్లకు చెప్పారు కాబట్టి. 'మీ ఊరు మా బ్రాంచి పరిధిలోకి రాదు' అని ఒకచోట, 'నాన్నగారి సిబిల్ బాగా లేదు' అని మరోచోట. పరిధి పేరుతో విద్యారుణం దరఖాస్తు తిప్పి పంపొద్దని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. సిబిల్ స్కోరు తక్కువని విద్యార్థి దరఖాస్తు తోసిపుచ్చకూడదని 2023 మే నెలలో కేరళ హైకోర్టు తీర్పిచ్చింది. మేనేజరుకు ఇవి తెలియవా? తెలుసు. కాగితం మీద 'తిరస్కరించాం, కారణం ఇది' అని రాసివ్వమని అడిగి చూడండి, చాలాచోట్ల మాట తీరు మారుతుంది.

అప్పు అంటే ఏమిటో మాత్రం ఎవరూ పిల్లలకు విప్పి చెప్పడం లేదు. ఏడాదికి లక్ష చొప్పున నాలుగేళ్లు తీసుకున్నారనుకుందాం. వడ్డీ 10 శాతం. చదువైన ఏడాది దాకా వాయిదా కట్టక్కర్లేదు. దాన్నే మారటోరియం అంటారు. చాలామంది అప్పటిదాకా వడ్డీ కూడా ఉండదనుకుంటారు. ఉంటుంది. మొదటి లక్ష మీద ఐదేళ్లు, రెండో లక్ష మీద నాలుగేళ్లు, మూడోదాని మీద మూడు, ఆఖరుదాని మీద రెండు. అన్నీ కలిపితే 1 లక్షా 40 వేలు. వాయిదా మొదలయ్యే రోజున అప్పు 4 లక్షలు కాదు, 5 లక్షల 40 వేలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 7 వేల వంద పైమాటే. అదే మారటోరియం కాలమంతా వడ్డీ మాత్రం కట్టుకుంటూ వస్తే (మొదటి ఏడాది నెలకు 833 రూపాయలు, నాలుగో ఏడాదికి 3,300) అసలు 4 లక్షల దగ్గరే ఉంటుంది, వాయిదా 5,300కు దిగుతుంది. నెలకు 833 రూపాయలు అంత కష్టం కాని ఇళ్లు కూడా ఈ లెక్క తెలియక లక్షా నలభై వేలు నెత్తికెత్తుకుంటున్నాయి.

అంతకన్నా విచారకరమైనది ఇంకొకటుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉండి, గుర్తింపున్న సంస్థలో సాంకేతిక, వృత్తివిద్యా కోర్సు చదివేవారికి మారటోరియం కాలపు వడ్డీ అంతా కేంద్రమే భరించే పథకం 2009 నుంచి ఉంది. పైన చెప్పిన 1 లక్షా 40 వేలు మొత్తం మాఫీ అన్నమాట. తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం సకాలంలో బ్యాంకులో ఇస్తే చాలు. ఇది ఉందని ఏ కాలేజీ నోటీసు బోర్డు మీద చూశారు? 2024 నవంబరులో ప్రకటించిన పీఎం విద్యాలక్ష్మి మరో ముచ్చట. ఆదాయం 8 లక్షల లోపుంటే 10 లక్షల అప్పు వరకు వడ్డీలో 3 శాతం రాయితీ. కానీ దేశం మొత్తం మీద మొదట 860 పేరున్న సంస్థలకే. ఆ జాబితాలో సీటు దొరికిన పిల్లవాడికి బ్యాంకులు ఎలాగూ పిలిచి అప్పిస్తాయి. సిద్దిపేటలోనో, నరసరావుపేటలోనో మామూలు కాలేజీలో చేరిన పిల్లకే గదా పూచీ కావాల్సింది.

చదువు ఖర్చు ముందే లెక్కకట్టి చెప్పడం అసాధ్యమేమీ కాదు. అమెరికా వెళ్లే మన పిల్లల చేతికి అక్కడి విశ్వవిద్యాలయం ఐ-20 అనే కాగితం ఇస్తుంది. ఏడాదికి ట్యూషన్ ఎంత, అక్కడ బతకడానికి ఖర్చెంత, ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుందన్నది అందులో విడివిడిగా రాసి ఉంటుంది. అక్కడి ప్రభుత్వ సాయం మనవాళ్లకు అందదు, అందుకే ఇల్లు తాకట్టు పెట్టి వెళ్తారు. అది వేరే కథ. కానీ ఎంత మునుగుతున్నామో మునిగేముందే కాగితం మీద కనిపిస్తుంది. అంబేడ్కర్ 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన విద్యార్థివేతనంతో కొలంబియాకు వెళ్లినప్పుడు తిరిగొచ్చి పదేళ్లు సంస్థానంలో కొలువు చేయాలన్న షరతుకు ముందే సంతకం చేశారు. కష్టమైన షరతే, కానీ దాచిపెట్టిన షరతు కాదు. మన కన్వీనర్ కోటా విద్యార్థికి సీటు అలాట్‌మెంట్ ఆర్డర్ మీద ఉన్నంత సేపూ అంతా ఉచితమే. చేరాక బిల్డింగ్ ఫీజు, బస్సు ఫీజు, 'స్పెషల్ ఫీజు' ఒక్కొక్కటే బయటికొస్తాయి. మూడో ఏడు గవర్నమెంటు డ్యూ వస్తుంది. నాలుగో ఏడు కిటికీ దగ్గర అసలు సంగతి తెలుస్తుంది.

కాబట్టి చేయాల్సినవి ఆకాశం నుంచి దిగిరావాల్సిన పనులేమీ కావు. రీయింబర్స్‌మెంట్ సొమ్ము అదే సెమిస్టర్ ముగిసేలోగా ఇవ్వాలి. ఆలస్యమైన ప్రతి నెలకూ కాలేజీకి వడ్డీ ప్రభుత్వమే చెల్లించాలని జీవోలోనే రాయాలి. పన్ను ఆలస్యమైతే వడ్డీ వేయడం తెలిసిన ప్రభుత్వానికి ఈ లెక్క కొత్త కాదు. సర్టిఫికెట్లు ఆపిన కాలేజీకి జేఎన్‌టీయూ అయినా, ఉస్మానియా అయినా, ఆంధ్రా విశ్వవిద్యాలయమైనా అనుబంధ గుర్తింపు తిరిగి ఇవ్వకూడదు. ఒక్క కాలేజీ మీద ఒక్కసారి ఈ పని చేస్తే మిగతావి బీరువాలు తెరుస్తాయి. ప్రతి విశ్వవిద్యాలయంలో స్కాలర్‌షిప్‌ల గుమస్తా ఒకడే ఉండి, అతనే బస్ పాసులూ చూడటం మానాలి. అప్పు ఎంత, వడ్డీ ఎంత, మాఫీ ఏది అని చెప్పగల మనిషిని కూర్చోబెట్టాలి.

ఈసారి ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకునే పేజీలో ప్రతి కాలేజీ పేరు పక్కనా నాలుగు అంకెలు కనిపించాలి: మొత్తం ఫీజు, ప్రభుత్వం ఇచ్చేది, మీ చేతినుంచి పడేది, ఆ కాలేజీకి ప్రభుత్వం ఇంకా బాకీ ఉన్నది. చివరి అంకె బయటపెట్టడానికి రెండు రాష్ట్రాల ఆర్థిక శాఖలూ సిద్ధపడతాయా?