కలసి సాగే అడుగులు

ఇద్దరు మిత్రులు మాట్లాడుకుంటూ నడుస్తుంటే, కొంత దూరం పోయేసరికి వారి అడుగులు తరచుగా ఒకే లయలో పడతాయి. బిడ్డ చేయి పట్టుకొన్న తల్లి తన నడక వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. రద్దీగా ఉన్న రైల్వే వంతెనపై ఎదురెదురుగా వచ్చే జనం తమకు తెలియకుండానే పాయలుగా విడిపోయి సాగిపోతారు. ముందువారి వెనుకనే నడిస్తే ఎదురువచ్చేవారిని తప్పించుకొనే శ్రమ తగ్గుతుంది. ఆ చిన్న సౌకర్యమే ఇంతటి క్రమానికి మూలం. ఇందుకు ఎవరి ఆజ్ఞా అవసరం లేదు.

నడిచేవారు పరిసరాలకు ఎంతగా స్పందిస్తారో లండన్‌లోని మిలీనియం వంతెన నిరూపించింది. థేమ్స్ నదిపై కట్టిన ఈ కాలినడక వంతెనను 2000 జూన్ 10న ప్రారంభించారు. జనం నడుస్తుండగా అది పక్కలకు ఊగసాగింది. నిలదొక్కుకొనే యత్నంలో వారు వేసిన అడుగులే ఆ ఊపును పెంచాయి. ఊపు పెరిగినకొద్దీ అనేకుల అడుగులు దానితో లయ కలిపాయి. రెండు రోజులకే వంతెనను మూసివేయవలసి వచ్చింది. అయితే నిపుణులు జనాన్ని నిందించలేదు. ఊపును అణచే సాధనాలను వంతెనకు అమర్చి, 2002లో తిరిగి తెరిచారు.

ఈ వివేకం మన ఉత్సవాల నిర్వహణకూ అవసరం. తొక్కిసలాట జరిగిన ప్రతిసారీ 'జనానికి క్రమశిక్షణ లేదు' అనే మాట వినిపిస్తుంది. అది న్యాయమైన మాట కాదు. పరస్పరం సర్దుకొని నడవాలంటే అడుగు వేయడానికి చోటు, ముందేమి జరుగుతున్నదో తెలిసే వీలు ఉండాలి. చదరపు మీటరు స్థలంలో ఆరేడుగురు ఇరుక్కొంటే ఎవరి అడుగూ వారి వశంలో ఉండదు. వెనుకనుండి వచ్చే ఒత్తిడి అలవలె ముందుకు పాకుతుంది. ముందున్నవారి అవస్థ వెనుకనున్నవారికి తెలియదు. 2015 జూలై 14న, గోదావరి పుష్కరాల తొలినాడు, రాజమండ్రి పుష్కరఘాట్ వద్ద 25 మందికి పైగా మరణించారు. పుణ్యస్నానానికి వచ్చిన ఆ భక్తులు క్రమం తెలియనివారు కారు.

గుంపులో నడిచేవారికి బాధ్యత లేదని కాదు. తోయకుండా ఆగడం, పడినవారిని లేవనెత్తడం అందరి ధర్మం. కాని ఊపిరాడని చోట ఆ ధర్మాన్ని పాటించడం ఎవరికీ సాధ్యం కాదు. రాకపోకలకు వేర్వేరు దారులు, ఒక్కసారిగా లోనికి వచ్చేవారి సంఖ్యకు పరిమితి, వెనుకవారికి సకాలంలో హెచ్చరిక — ఇవన్నీ నిర్వాహకులు ముందుగానే చేయవలసిన ఏర్పాట్లు.

కలసి నడవడం మనిషికి ఎవరూ నేర్పనక్కరలేదు. నడిచేందుకు చోటు కల్పిస్తే చాలు.