సగమిచ్చిన పటము

1802వ సంవత్సరమున లాంబ్టన్ దొర చెన్నపట్టణము చెంత ఉక్కుగొలుసుతో నేలను కొలిచి మహా త్రికోణమితి సర్వేకు పునాది వేసెను. ఎండలో గొలుసు మోసినవారిలో మనవా రుండిరి. కొలిచిన ఫలమునకు మాత్రము పరప్రభుత్వమే స్వామి. ఆనాడు పటము పాలకుని ఆయుధము. దానిని దాచుట వానికి సహజము. 1947లో ఆ పాలకుడు పోయెను. దాచు అలవాటు మాత్రము మన బల్లలయొద్దనే కూర్చుండి పోయినది.

2021 ఫిబ్రవరి 15వ తేదీన కేంద్రప్రభుత్వము ప్రకటించిన మార్గదర్శకములు ఈ ద్వారమును చాలమట్టుకు తెరచినవి. కొన్ని నియమములకు లోబడి, భారతీయులు పటములను సిద్ధపరచుటకును పంచుకొనుటకును ముందుగా అనుమతి వేడవలసిన పనిలేదు. ప్రజాధనముతో సేకరించిన భూవివరములు, భద్రతాశాఖల రహస్యములు తప్ప, దేశీయులకు సులభముగ నందవలయునని కూడ అందు చెప్పబడినది. మంచిదే. కాని ప్రభుత్వము తలుపు తీయగలదు గాని, మన చేతిపిడికిలిని విప్పజాలదు.

నేటి పటము కాగితము కాదు; కంప్యూటరులోని అంకెల రాశి. పొరపై పొరగా రోడ్లు, చెరువులు, ఇండ్లు అందు పేర్చబడి యుండును. ఒక యుద్యోగి నెలలు శ్రమించి క్యూజిఐఎస్ వంటి ఉచిత సాధనముతో పటమును కూర్చును. తోటివా డడుగగా ప్రాజెక్టు ఫైలొక్కటి పంపి తన పని తీరినదనుకొనును. ఆ ఫైలులో సాధారణముగ నుండునది పొరల రంగులు, వరుస, అవి యున్న చోటు మాత్రమే. పొరలు పంపినవాని యంత్రముననే నిలిచిపోవును. అందుకొన్నవానికి కనబడునది శూన్యము. ఇది విస్తరి వేసి అన్నము మరచినట్లున్నది.

షేప్‌ఫైలు అను పేరు ఏకవచనమే గాని వస్తువు బహువచనము. ఆకృతి యొకదానిలో, సూచిక యొకదానిలో, వివరముల పట్టిక మరియొకదానిలో నుండును. ఒకటి తప్పినను తక్కినవానికి ముప్పే. ఏ కొలమానముపై గీచిరో తెలుపు నాలుగవ ఫైలును విడిచినచో ముప్పు మరియు నధికము. సర్వేశాఖవారి పాతపటములు ఎవరెస్టు మానముపై నున్నవి. ఉపగ్రహములవి డబ్ల్యుజిఎస్ 84 మానముపై నున్నవి. ఈ భేదము నెఱుగక రెంటిని కలిపినచో మన ప్రాంతమున స్థలములు నూరు మీటర్లకు పైగా జరుగును. కాలువ ఇంటిలోనుండి పారును! 2014 నుండి ప్రామాణికమైన జియోప్యాకేజి యందు పొరలన్నియు ఒక్క ఫైలులోనే యిమిడియుండును. ప్రాజెక్టును గూడ అందే నిలుపవచ్చును. ఉపాయ మున్నది, ఉపేక్షయే అడ్డము.

ఇది గుమాస్తాల చిన్నగొడవ యని తలపవలదు. 2010 జనవరి 12న హైతీ దేశమున భూకంపము రాగా, 2004లో పుట్టిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌కు చెందిన స్వచ్ఛందసేవకులు దూరదేశములనుండియే ఉపగ్రహచిత్రములను జూచి రాజధాని వీథులను గీచిరి. ఒకని గీతపై మరియొకడు గీయగలిగెను. సహాయకులు దానిని చేతబట్టుకొని పనిచేసిరి. అది పూర్తిగ పంచుకొన్న పటము గనుకనే పనికివచ్చెను.

మన యింటికి వత్తము. 2024 సెప్టెంబరు తొలిదినములలో బుడమేరు పొంగి బెజవాడ సింగునగరము మున్నగు పేటలను ముంచెత్తెను. వాగు దారి ఒకరి పటమున, మురుగుకాలువలు వేఱొకరి పటమున, మిట్టపల్లములు మరియొకరి పటమున నున్నచో, మూడింటిని ఒకదానిపై నొకటి పరచినగాని ఏ వీథికి నీరు ముందుగ వచ్చునో తెలియదు. ఆ పని వరదనాడు చేయదగినది కాదు; వేసవిలోనే చేయవలయును.

"మా శ్రమను అన్యులు తమదిగా చెప్పుకొందురు" అని కొందరి భయము. భయమునకు మందు దాచుట కాదు. ఎవరు, ఎప్పుడు, ఎచ్చట, ఎట్లు సేకరించిరో, ఏ షరతులపై వాడుకొనవచ్చునో తెలుపు వివరపత్రమును పటముతోపాటే పంపవలయును. అది కర్త కీర్తిని కాపాడును. వాడువానిని భ్రమనుండి తప్పించును. ఇంటింటి పేర్లు, రోగములు, ఋణములు మాత్రము తొలగించియే పంపవలయును. పౌరుని గుట్టు పంచదగిన సొత్తు కాదు.

ఇంజనీర్లను, ఉపాధ్యాయులను, విద్యార్థులను మేము కోరున దొక్కటే. పటము పంపుటకు పూర్వము దానిని వేఱొక యంత్రమున తెరచి చూడుడు. అన్ని పొరలును కనబడినగాని ఇచ్చితిమని చెప్పకుడు. నేల అందరిది; దాని కొలతయు అందరిది కావలయును. సగమిచ్చిన పటము ఇయ్యని పటముకంటె ప్రమాదకరము. ఏలయన, అది యిచ్చితిమన్న తృప్తిని మనకు మిగిల్చి, తెలియనివానిని వరదలోనికి నడిపించును.