ఒకరు మేలుకొని ఉంటేనే మరొకరికి నిద్ర



గత మాసము కాకినాడ నుండి ఒక తల్లి మాకు ఉత్తరము వ్రాశారు. ఆమె కుమారుడు జర్మనీలో చదువు ముగించాడు. ఉద్యోగములో చేరడానికి ఇంకా మూడు నెలల వ్యవధి ఉన్నది. ఈలోగా ఎవరిదో తెరచాప పడవలో జీతము లేని సహాయకుడుగా చేరి అట్లాంటిక్ మహాసముద్రము దాటుతానంటున్నాడు. "ముక్కూ మొగమూ తెలియనివారితో నడిసంద్రములోకి పోతానంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? వాడు మానుకొనేలా నాలుగు మాటలు వ్రాయండి" అని ఆమె కోరారు.

ఆమె భయము మాకు అర్థమైంది. అయినా వద్దని చెప్పేముందు ఆ జీవితము ఎలాంటిదో తెలుసుకోవడము మంచిదని మాకు తోచింది.

స్పెయిన్ దేశమునకు చెందిన కానరీ దీవులలో లాస్ పాల్మాస్ అనే రేవు ఉన్నది. 1492లో కొలంబస్ ఈ దీవులలో ఆగి, ఇక్కడి నుండే పడమరకు సాగిపోయాడు. ఈశాన్యము నుండి వీచే వ్యాపార పవనములు పడవలను కరీబియన్ దీవుల వైపు తీసుకొనిపోతాయి. 1986 నుండి ఏటా నవంబరులో ఇక్కడి నుండి పడవలు గుంపుగా బయలుదేరే ఆనవాయితీ ఉన్నది. ఇప్పుడవి సెయింట్ లూసియా దీవికి చేరుతాయి. దూరము సుమారు 2,700 నాటికల్ మైళ్లు, అంటే 5,000 కిలోమీటర్లు. సాధారణముగా మూడు వారములు పడుతుంది.

నవంబరే ఎందుకంటే, అట్లాంటిక్ తుపానుల కాలము జూన్‌లో మొదలై నవంబరు ఆఖరుతో ముగుస్తుంది. కాలము కాని కాలములో బయలుదేరవద్దని పౌలు చెప్పినా వినని ఓడ ఏమైందో మన పిల్లలకు కూడా తెలుసు. సముద్రము మీద మొదటి తెలివి, బయలుదేరే రోజును ఎంచుకోవడములోనే ఉన్నది.

ఈ పడవలలో చాలా వాటికి యజమానులు భార్యాభర్తలే. ఇద్దరే అయితే మూడు వారముల పాటు రాత్రింబవళ్లు కాపలా కాయడము కష్టము. అందుకే మరి ఇద్దరు ముగ్గురిని తోడు తీసుకుంటారు. జీతము ఉండదు. చాలా చోట్ల తిండి ఖర్చులో వంతు కూడా వేసుకోవాలి.

పడవలో దినమంతా కాపలాలుగా విభజింపబడి ఉంటుంది. కొందరు నాలుగేసి గంటలు, కొందరు మూడేసి గంటలు పెట్టుకుంటారు. మూడు గంటలంటే మన పెద్దలు చెప్పే ఒక జాము. అర్ధరాత్రి వేళ ఎవరో భుజము తట్టి లేపుతారు. ఛాతీకి పట్టీ బిగించి, దాని తాడును పడవకు తగిలించుకొని గాని పైకి రాకూడదు. ఇక ఆ జాము అంతా గాలి మారుతున్నదా, మబ్బు కమ్ముతున్నదా, దూరాన ఓడ దీపము కనిపిస్తున్నదా అని చూస్తూ ఉండాలి. దిగంతములో కనబడిన సరుకు ఓడ ఇరవై నిమిషములలోపే మీదకు రావచ్చు. గాలి హెచ్చకముందే తెరచాప తగ్గించాలి. సందేహము వస్తే కెప్టెన్‌ను లేపాలి, అందుకు మొగమాటపడకూడదు.

మొదటి రెండు మూడు రోజులు చాలామందికి తల తిరుగుడు, వాంతులు. ఒంట్లో బాగులేకపోయినా, కెప్టెన్ మినహాయిస్తే తప్ప, వంతు తప్పదు. మంచినీరు కొలిచి వాడుకోవాలి, గిన్నెలు ఉప్పునీటితో తోముకోవాలి. పడవ ఎటు ఒరిగినా గిన్నె ఒలకకుండా స్టవ్వును ఊయలలా వేలాడదీస్తారు. ఎవరైనా నీటిలో పడితే, ఒకరు వేరే పని ఏమీ చేయక, కన్ను తిప్పకుండా, ఆ మనిషిని వేలితో చూపిస్తూ నిలబడాలి. అలల మధ్య ఒక తల ఒక్క క్షణములో కనుమరుగవుతుంది.

అయితే అనుభవజ్ఞులు తుపానుకంటె ఎక్కువగా చెప్పే కష్టము మనుష్యులతోనే. కోపము వస్తే బయటకు వెళ్లడానికి వీధి లేదు. కడగకుండా వదిలిన గిన్నె, కాపలాకు పది నిమిషముల ఆలస్యము, ఇవే పెద్ద తగవులవుతాయి.

మన ఆడపిల్లలు కూడా ఇలాంటి జీవితము గడిపి వచ్చారు. 2017 సెప్టెంబరు 10న గోవా నుండి తారిణి అనే నౌకాదళ తెరచాప పడవలో ఆరుగురు అధికారిణులు భూమిని చుట్టడానికి బయలుదేరి, 254 రోజుల తరువాత, 2018 మే 21న తిరిగి వచ్చారు. వారిలో స్వాతి విశాఖపట్నము అమ్మాయి, ఐశ్వర్య హైదరాబాదు అమ్మాయి. వారు జీతము గల ఉద్యోగులే గాని, ఈ పనికి తమంతట తామే ముందుకు వచ్చారు. ముందుగా మ్హాదేయి అనే పడవ మీద దీర్ఘకాలము శిక్షణ పొందారు. ధైర్యము ఒక్కటే వారిని తిరిగి తీసుకొని రాలేదు.

కాబట్టి సహోదరీ, మీ అబ్బాయిని "వద్దు" అనడానికి బదులు ఈ ప్రశ్నలు అడగండి. కెప్టెన్ ఇంతకుముందు సముద్రము దాటాడా? ఆయనతో ప్రయాణము చేసినవారితో నీవు మాట్లాడావా? ముందుగా రెండు మూడు రోజుల చిన్న ప్రయాణము చేసి చూశావా? లైఫ్ రాఫ్టు, ప్రతివారికి లైఫ్ జాకెట్టు, ఉపగ్రహము ద్వారా ఆపద కబురు పంపే పరికరము ఉన్నవా? దిగే దేశమునకు వీసా, తిరుగు ప్రయాణమునకు విమానపు టిక్కెట్టు, బీమా నీ చేతిలో ఉన్నవా? ఖర్చుల సంగతి కాగితము మీద పెట్టుకున్నారా? మనిషిని చూడకుండా డబ్బు అడిగేవారి దగ్గరకు వెళ్లవద్దు. మనసు ఒప్పకపోతే రేవులోనే దిగిపోవడము పిరికితనము కాదని కూడా చెప్పండి.

వీటిలో ఒక్కదానికి జవాబు లేకపోయినా ఆగమనండి. అన్నిటికి ఉంటే పంపించండి.

చివరగా ఒక మాట. పడవలో తన కాపలా ముగిసినవాడు వెళ్లి పడుకోవాలి. అదీ ఒక విధే. ఎవరినీ నమ్మక తానే మేలుకొని ఉండే కెప్టెన్ నాలుగో నాటికి తప్పు చేస్తాడు. మన ఇళ్లలో తల్లులు ఇరవై ఏండ్లు ఒంటరిగా కాపలా కాసి, పిల్లలు పెద్దవారైనా ఆ కాపలా దిగరు. బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రులన్నీ మీరు మేలుకొన్నారు, గనుక వాడు నిద్రపోయాడు. ఇప్పుడు వాడు పరాయివారి నిద్రకు కాపలా ఉండడానికి వెళ్తానంటున్నాడు. మీరు పెంచిన పెంపకము వృథా కాలేదని మాకు అనిపిస్తున్నది. బాగా విచారించి వాడిని పంపండి. ఆ రాత్రి మీరు కూడా కాసేపు నిద్రపోండి.