మెరిస్తే శుభ్రమైనట్టేనా?

పాత కారు సీటు వెలిసిపోయిందనగానే మనవాళ్ళు చేసే మొదటి పని, దానికి ఏదో ఒకటి పూసెయ్యటం. కిరోసిన్ పూసేవాడొకడు, పెట్రోలు గుడ్డతో తుడిచేవాడొకడు, కొబ్బరినూనె రాసేవాడొకడు. మన సాఫ్టువేరు జనాలైతే ఆన్‌లైన్లో సిలికాన్ పాలిష్ డబ్బా తెప్పిస్తారు. అందరికీ కావల్సింది మెరుపే. మురికి వదిలిందా లేదా అని చూసే నాథుడుండడు.

ఈ గోల నాకెందుకంటే, గంభీరావుపేటలో మా ఇంటి ముందు రేకుల షెడ్డులో 1986 మోడలు అంబాసిడర్ ఒకటుంది, మార్క్ 4. మా బాపు దాన్ని ఏళ్ళ తరబడి కిరాయికి తిప్పాడు. పెళ్ళిళ్ళకీ, వేములవాడ మొక్కులకీ, అర్ధరాత్రి ఎవరికైనా నొప్పులొస్తే సిరిసిల్ల ఆస్పత్రికీ అదే బండి. దాని నీలం సీట్లు ఇప్పుడు బూడిద రంగులోకొచ్చాయి. పీకి పారేసి కొత్త కవర్లు కుట్టించాలని మా చిన్నబాపు కొడుకు పట్టు. "గంత ఖర్చెందుకురా, పాలిష్ కొడితే అయిపాయె" అని మా బావ. ఇద్దరూ హైదరాబాదులో ఐటీవాళ్ళే, ఇద్దరూ ఇది చదువుతారు, కాబట్టి ఇక్కడే తేల్చుకుందాం.

ముందు ఆ సరుకేంటో చూద్దాం. మనం రెగ్జిన్ అంటాం. అసలు రెక్సిన్ అనేది ఇంగ్లండులో ఒక కంపెనీ పేరు, గుడ్డ మీద నైట్రోసెల్యులోజ్ పూత వేసి తోలులా కనపడేట్టు చేసేవాళ్ళు. మన సీట్లది వినైల్, అంటే పీవీసీ. నీళ్ళ పైపు ఏ ప్లాస్టిక్కో ఇదీ అదే. మరి పైపు కర్రలా ఉండి సీటు మెత్తగా ఎందుకుంటుంది? అందులో ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి ద్రవం కలుపుతారు కాబట్టి. మే నెలలో మావైపు బయట 44 డిగ్రీలుంటే, ఎండలో అద్దాలెక్కించి పెట్టిన కారులో డాష్‌బోర్డు 70 దాటుతుంది. ఆ వేడికి ప్లాస్టిసైజర్ ఏళ్ళ మీద మెల్లగా బయటికి పోయి సీటు గట్టిపడుతుంది, కుట్ల పక్కన పగులుతుంది. రంగు పాలిపోవటం ఎండలోని అతినీలలోహిత కిరణాల పని.

ఇప్పుడు చెప్పండి, పెట్రోలో థిన్నరో పెట్టి తుడిస్తే ఏమవుతుంది? మురికితోపాటు మిగిలిన ఆ కాస్త ప్లాస్టిసైజర్నీ లాక్కుపోతుంది. కొన్నాళ్ళకి సీటు అప్పడమే.

సిలికాన్ ఇంకో రకం మోసం. అది పైపైన కూర్చుంటుంది గానీ, పోయిన ప్లాస్టిసైజర్ జాగాలోకి చేరదు. దుమ్ముని పట్టుకుంటుంది. బ్రేకు వేస్తే వెనక కూర్చున్న పంచె పెద్దమనిషి జారి ముందు సీటుకి గుద్దుకుంటాడు. వీటన్నిటికంటే ఘోరం, రేపెప్పుడైనా వినైల్ రంగు వేయించాలనుకుంటే ఆ జిడ్డు మీద రంగు సరిగ్గా పట్టదు. ఎర్రర్ వస్తోందని లాగింగే ఆపేసి టికెట్ క్లోజ్ చేసే మహానుభావులు ప్రతి టీములోనూ ఉంటారు కదా, అదే తెలివి ఇది.

ఇక డిటైలింగ్ షాపులు. పోయినేడు మా ఫ్రెండు తన పద్మినిని ఒక షాపుకిచ్చాడు (పేరెందుకులెండి). "ప్రీమియం ఇంటీరియర్ ప్యాకేజీ" అట. నేను చూసేసరికి సీటంతా అద్దంలా ఉంది, కుట్ల సందుల్లో నల్ల మురికి మాత్రం చెక్కుచెదరలేదు.

నిజంగా శుభ్రం చెయ్యటానికి కావల్సింది గోరువెచ్చని నీళ్ళు, పిల్లల షాంపూ, మెత్తటి టూత్‌బ్రష్షు, నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు. ముందు పొడి బ్రష్షుతో సందుల్లో ఇసక దులపాలి, లేకపోతే ఆ ఇసకే గీతలు పెడుతుంది. సీటు కింద కనపడని మూల ఒకసారి పరీక్షించాలి. తర్వాత అరచేయంత జాగా మాత్రమే తీసుకుని, నీళ్ళు కాకుండా నురగతో గుండ్రంగా రుద్దాలి. వినైల్ మీద తోలులాంటి ముడతలుంటాయి చూడండి, మురికంతా వాటి గుంటల్లోనే, గుడ్డ అక్కడిదాకా దిగదు. ఆరకముందే తడిగుడ్డతో, వెంటనే పొడిగుడ్డతో తుడిచెయ్యాలి. కుట్ల దగ్గర నీళ్ళు దిగితే లోపలి పీచు కంపు కొడుతుంది, స్ప్రింగులు తుప్పుపడతాయి. ఆరబెట్టటం నీడలోనే. పెన్ను గీతలకి వాడే తెల్ల స్పాంజి సన్నటి ఉప్పుకాగితం లాంటిది, అది ఆఖరి అస్త్రం.

మొన్న సంక్రాంతికి వెనక సీటు సగం చేశాను, రెండు గంటలు పట్టింది. బకెట్లో నీళ్ళు డికాషనయ్యాయి. బూడిద రంగనుకున్నదాంట్లో సగం మురికే! మిగతా సగం నిజంగానే వెలిసింది, అది ఏ షాంపూకీ తిరిగి రాదు. రాకపోతే ఏం? నలభై ఏళ్ళ బండి నలభై ఏళ్ళదానిలాగే ఉంటుంది.

పగుళ్ళు మానవు, అది ఒప్పుకుంటాను. గుడ్డ బయటపడ్డచోట ఆ ఒక్క ముక్కే మార్చి కుట్టించొచ్చు. స్ప్రింగు గుచ్చుకుంటే లోపల బాగుచేసి పాత చర్మమే మళ్ళీ తొడగొచ్చు. మొత్తం పీకితే మాత్రం అది తిరిగి దొరకదు, ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. 2021 రూళ్ళ ప్రకారం 50 ఏళ్ళు నిండిన బండిని వింటేజిగా రిజిస్టరు చేయించుకోవచ్చు, మాదానికి అది 2036. చాసీ, బాడీ, ఇంజను మార్చకూడదంటుంది రూలు, సీట్ల ఊసు లేదు. కానీ పాత కార్లు తెలిసినవాడెవడైనా తలుపు తియ్యగానే చూసేది సీట్లే.

అన్నట్టు, గవర్నమెంటు అంబాసిడర్లలో తెల్ల టవళ్ళు పరిస్తే మనం నవ్వుకునేవాళ్ళం. ఎండనీ చెమటనీ ఆపటానికి ఏ పాలిష్షూ దానికి సాటిరాదు. సిరిసిల్ల మగ్గాల మీద ఎక్కువ పాలిస్టరే అయినా, నూలు గుడ్డకి కరువొచ్చిందా ఏమన్నా?

తమ్ముడూ, దసరాకొస్తున్నావుగా, అప్పటిదాకా కవర్ల మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వకు. ముందు సీటు నీకోసం అలాగే ఉంచాను, ఒక టూత్‌బ్రష్షు తెచ్చుకో. బావా, నీ డబ్బా టైర్లకి కొట్టుకో.