ఆ డబ్బా ఓఆర్‌ఎస్ కాదు

విరేచనాలైన పిల్లల పొట్టకు విశ్రాంతినివ్వాలని, మందుల షాపులో దొరికే ఏ పళ్లరసం డబ్బా అయినా ఓఆర్‌ఎస్‌తో సమానమేనని గత సంచికలో రాశారు. రెండూ తప్పే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరు ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు. పళ్లరసం డబ్బాల్లోలా చక్కెర మోతాదు మించితే పేగుల్లోకి నీరు చేరి విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాకే, అలాంటి డబ్బాలపై ఓఆర్‌ఎస్ పేరు వేయొద్దని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. మీ వ్యాసకర్తకు ఆ కబురు అందినట్టు లేదు!

ఇక పొట్టకు విశ్రాంతి పేరుతో లంఖణాలు. తల్లిపాలు గానీ మెత్తటి పెరుగన్నం గానీ ఆపకూడదు. విరేచనాలు కట్టినా జింకు మాత్రలు 14 రోజులు వేయాల్సిందే. లీటరు నీటికి కలపాల్సిన ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను సగం చించి గ్లాసులో ఉజ్జాయింపుగా పోసే తల్లులు ఎందరో. అలా కలపకూడదనే వ్యాసం చెప్పాల్సింది.

– ఒక అంగన్‌వాడీ టీచరు, సూర్యాపేట